మా బావ క్రేన్ దిగిన ఏడాది

రాత్రి డ్యూటీ చేసి వచ్చిన రోజుల్లో మా బావ మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాడు. కిటికీ తెర సందులోంచి ఎండ చారలుగా మంచం మీద పడేది. ఆ ఎండలో అతని చేతులు రెండూ మెల్లగా కదిలేవి. ఎడమ చెయ్యి కాస్త ముందుకు జరిగేది. కుడి చెయ్యి వెనక్కి వచ్చి ఆగేది. తర్వాత వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకునేవి. మా పెళ్లయిన కొత్తలో భయపడి తట్టి లేపేశాను.

"ఏటే?" అన్నాడు కళ్లు తెరవకుండానే. "పెట్టె దించుతన్నాను. ఆగు."

ఆ తర్వాత లేపడం మానేశాను. వంటయ్యాక వచ్చి మంచం అంచున కూర్చునేదాన్ని. ఇప్పుడు ఏ ఓడ మీద ఉన్నాడో, కింద నీళ్లు ఏ రంగులో ఉన్నాయో అనుకుంటూ ఆ చేతుల వంక చూసేదాన్ని.

మా బావ అంటే నిజంగా నాకు బావే, మేనమామ కొడుకు. ఓడరేవులో కంటైనర్లు దించే పెద్ద క్రేన్ నడిపేవాడు. కంటైనరంటే లారీ అంత ఇనుప పెట్టె. గట్టు మీద నిలబడ్డ క్రేను ఓడ మీదకి పొడుగ్గా చెయ్యి చాస్తుంది. ఆ చేతి కింద వేలాడుతూ ఒక గాజు గది ఉంటుంది. డ్రైవరు కూర్చునేది అందులోనే. కాళ్ల కింద నేల కూడా గాజే. పెట్టె ఓడ మీంచి లేచి గట్టు వైపు వస్తుంటే ఆ గది, అందులో మనిషి కూడా దానితో పాటే గాల్లో నడిచి వస్తారు. మా ఇంట్లో ఎవరమూ అది దగ్గర్నుంచి చూడలేదు. బీచ్ రోడ్డులో ఏదైనా పనిమీద వెళ్తున్నప్పుడు దూరంగా వరసగా నిలబడ్డ క్రేన్లని చూసి, "అదిగో, మన బావ అందులో ఉంటాడు" అనుకునేవాళ్లం.

మా ఇద్దరికీ తాత ఒక్కడే. ఆయన రేవులో కళాసీ, అంటే ఓడల్లోంచి బస్తాలు మోసే మనిషి. నా చిన్నప్పటికే పని మానేశాడు గానీ ఆయన మెడ వెనక కండ గట్టిపడి చిన్న దిండులా ఉండేది. మేము దాన్ని నొక్కి చూసేవాళ్లం. ఆయన నవ్వేవాడు. ఓడరేవు పక్కన పాతబస్తీలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, రేవు వైపు నుంచి గాలి వస్తే ముక్కు పైకెత్తేవాడు.

"అప్పట్లో కళ్లు మూసుకున్నా ఓడలో ఏటుందో తెలిసిపోయేది" అనేవాడు. "బెల్లమొత్తే బెల్లం వాసన. వేరుశెనగొత్తే ఆ వాసన. గంధకమొత్తే ఊరంతా దగ్గు. ఇప్పుడన్నీ పెట్టెల్లో పెట్టేత్తన్నారు. లోపల ఏటుందో మోసేవోడికీ తెలీదు, దించేవోడికీ తెలీదు."

కంటైనర్లు వచ్చాక తాత ముఠాలో వాళ్లంతా చెదిరిపోయారు. కొందరు రిక్షాలు తొక్కారు. కొందరు చేపల రేవులో ఐసు మోశారు. తాత తన కొడుకుని, అంటే మా మావయ్యని, కొక్కెం క్రేను దగ్గర హెల్పరుగా పెట్టించాడు. మావయ్య కొడుకు గాజు గదిలోకెక్కాడు. బావ మొదటి రోజు డ్యూటీకి వెళ్తుంటే తాత అతని మెడ వెనక చెయ్యేసి తడిమి, "నీకిక్కడ కాయ కట్టదురా" అన్నాడని మా అత్త ఇప్పటికీ చెబుతుంది. ఆయన మాటలో సంతోషం ఉందో దిగులుందో ఆమెకి అర్థం కాలేదట.

కాయ కట్టలేదు గానీ మెడ మాత్రం పాడైంది. గాజు నేలలోంచి కిందికి చూడాలంటే డ్యూటీ ఉన్నంతసేపూ ముందుకు వంగే కూర్చోవాలి. నలభై దాటేసరికి బావ తల తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసేవాడు. డాక్టరు పట్టీ ఇచ్చి, "ఈ పని ఇలాగే చేస్తే కష్టం" అన్నాడు. బావ ఆ పట్టీ ఇంట్లో పెట్టుకునేవాడు, పైన తీసేసేవాడు. పట్టీ ఉంటే కిందికి కనపడదు మరి.

నాకు ఊరి అవతలి కొస మధురవాడలో ఉద్యోగం. పెద్ద అద్దాల మేడలో కూర్చుని, ఎక్కడెక్కడివాళ్లో కంప్యూటరు పనిచేయడం లేదని ఫోను చేస్తే సర్దిచెప్పే పని. అందుకే పాతబస్తీ వదిలి మధురవాడలో ఫ్లాటు తీసుకున్నాం. మేం వచ్చినప్పుడు మా బాల్కనీలోంచి కొండ కనిపించేది. తర్వాత ముందొక అపార్టుమెంటు లేచింది, దాని పక్కన ఒక కాలేజీ లేచింది. కొండ పైభాగం మాత్రం మిగిలింది. ఊరు పెరగడం మాకు కళ్లముందే కనిపించేది. పొద్దున్న లేచేసరికి ఒక కొత్త అంతస్తు.

ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందు బావ ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా సోఫాలో కూర్చున్నాడు. టెర్మినల్ వాళ్లు అందరినీ పిలిచి చెప్పారట. క్రేన్లకి కెమెరాలు పెడతారు. గాజు గదులు ఖాళీ చేస్తారు. దూరంగా ఒక మేడలో, చల్లటి గదిలో స్క్రీన్ల ముందు కూర్చుని క్రేన్లని నడపాలి. ఇష్టమున్నవాళ్లు నేర్చుకోవచ్చు. అంతమంది అక్కర్లేదు కాబట్టి ఇష్టం లేనివాళ్లు ఇంకో రేవుకో, ఇంకో పనికో పోవచ్చు.

నాకు వెంటనే సంతోషమే వేసింది. అది దాచుకోలేదు కూడా.

"మంచిదే కదా బావా! నీ మెడ బాగుపడతాది. ఎండా వానా ఉండదు. నానూ స్క్రీను ముందే కదా కూకుంటన్నాను, నాకేటైంది?"

అతను వంగి చెప్పులు విప్పాడు. "నీకేటీ అవలేదు" అన్నాడు. అందులో కోపం లేదు. కానీ ఆ పూట అన్నం సగంలోనే వదిలేశాడు.

గాజు గదులు మూసేసే ముందు ఒక ఆదివారం డ్రైవర్ల ఇంటివాళ్లని రేవులోకి రానిచ్చారు. నాకు హెల్మెట్టు, నారింజ రంగు కోటు, నా కాళ్లకి రెండింతలున్న బూట్లు ఇచ్చారు. ఇనుప పంజరంలాంటి లిఫ్టులో పైకి వెళ్లాం. తర్వాత సన్నటి ఇనుప బాట. అదంతా జల్లెడ, కాళ్ల కింద గాలి, ఆ గాలికి చాలా కింద నీళ్లు. నేను కమ్మీ పట్టుకుని ఆగిపోయాను. బావ వెనక్కి తిరిగి చెయ్యి అందించాడు.

"కిందకి సూడకు. దూరం సూడు. దూరం సూత్తే ఏటీ అవదు."

గాజు గదిలోకి వెళ్లాక నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టాడు. కరెంటు ఆపేసి ఉంది. చేతుల పక్కన రెండు పిడులు, వాటి నల్లరంగు అరిగి కింద ఇనుము మెరుస్తోంది. అద్దం మూల సింహాచలం అప్పన్న బొమ్మ. గది మొత్తం ఉయ్యాలలా మెల్లగా ఊగుతోంది. ఊగుతోందని కూడా తెలియనంత మెల్లగా.

దూరం చూశాను. ఎడమవైపు చేపల రేవులోంచి మరపడవలు బియ్యపు గింజల్లా ఒక్కొక్కటే సముద్రంలోకి జారుతున్నాయి. ఇటు పాతబస్తీ మూడు కొండలు, ఒకదానిమీద గుడి, ఒకదానిమీద దర్గా, ఇంకోదానిమీద చర్చి. అన్నీ నా అరచేతిలో పట్టేంత. అటు డాల్ఫిన్స్ నోస్ కొండ. సముద్రం మీద చాలా దూరంలో వాన పడుతోంది. బూడిదరంగు తెరలాగా నిలబడి, నిలబడినట్టే ఉండి, దగ్గరకొస్తోంది. నేను ఆ ఊళ్లోనే పుట్టాను. వాన నడిచి రావడం మాత్రం అంతకుముందు చూడలేదు.

ఒక గద్ద వచ్చి సరిగ్గా అద్దం ఎదురుగా గాల్లో ఆగింది. రెక్కలు కదపడం లేదు. దాని కన్ను కూడా కనిపించింది.

"కిందనించి సూసినోళ్లకి అది పైన ఉంటాది" అన్నాడు బావ. "నాకు పక్కింటిది."

వాన మా దాకా వచ్చి అద్దాల మీద పడింది. ఊరంతా కరిగిపోయింది. ఆ తెల్లదనంలో మేమిద్దరమే వేలాడుతున్నాం. మెడ సంగతి, జీతం సంగతి, ఫ్లాటు సంగతి ఏదీ గుర్తు రాలేదు. పెళ్లయి అన్నేళ్లయినా అతను రోజూ ఎక్కడికి వెళ్లి వస్తున్నాడో నాకు ఆ పూటే తెలిసింది. వాన తగ్గాక దిగుతూ, "మరి సెప్పలేదేటి బావా ఇలగుంటాదని?" అన్నాను.

"ఏటని సెప్పను?" అన్నాడు.

తర్వాత నెలలో అతను చల్లటి గదిలోకి వెళ్లాడు.

మొదట్లో కళ్లు తిరిగేవట. స్క్రీనులో పెట్టె కదులుతుంది గానీ కుర్చీ కదలదు. ఒళ్లు అలవాటుగా పక్కకి వాలిపోయేది. గాలి వీస్తే పెట్టె ఊగడం కళ్లకి తెలిసేది, ఒంటికి తెలిసేది కాదు. అతని కంటే చాలా చిన్నవాళ్లు, ఆటలాడుతూ పెరిగినవాళ్లు, వారంలోనే చకచకా దించేస్తున్నారు. బావ ఒక్కో పెట్టె దగ్గరా తటపటాయించేవాడు. ఇంటికొచ్చి టీవీ పెట్టనిచ్చేవాడు కాదు. బాల్కనీలో నిలబడి, మిగిలిన కొండ ముక్క వైపు చూసేవాడు.

ఒకరోజు అన్నాడు: "కల్లో సేపలు పడతన్నట్టుంటాది. పడినట్టే ఉంటాది. సేతిలో తడుండదు."

సర్దిచెప్పడమే నా ఉద్యోగం. రోజంతా ఎవరెవరికో చెప్తాను. అతనికి మాత్రం ఏం చెప్పాలో తోచలేదు. గాజు గది చూసి రాకముందైతే ఏదో ఒకటి చెప్పేసేదాన్నే.

దసరా వెళ్లాక సెలవు పెట్టాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ అవతల యారాడలో అతనికో స్నేహితుడున్నాడు, సముద్రం మీద వేటకి వెళ్లే మనిషి. అతనితో కలిసి పడవ వేస్తానన్నాడు. "మెడ వంచక్కర్లేదు, స్క్రీను సూడక్కర్లేదు" అన్నాడు. నేను వద్దనలేదు. తెల్లవారక ముందే బయల్దేరి కొండ దాటి యారాడ వెళ్లాం. ఇద్దరూ పడవ నీళ్లలోకి తోసుకుని వెళ్లిపోయారు. నేను స్నేహితుడి భార్యతో ఇసకలో కూర్చున్నాను. ఆమె వల అల్లికలో చిరుగులు చూసుకుంటూ ఏవో కబుర్లు చెప్పింది. ఎండ ఎక్కింది. పడవలు చుక్కలై, చుక్కలు మెరుపులై, కనిపించకుండా పోయాయి. నాకు నిద్రలాంటిదేదో కమ్మింది. ఆ మత్తులో మేమిద్దరం ఇక్కడే ఓ గుడిసె వేసుకున్నట్టు, నా ఒళ్లంతా చేపల వాసన వేస్తున్నట్టు, మధురవాడ అనే ఊరే లేనట్టు అనిపించింది. అలా ఉంటే బాగానే ఉంటుందనీ అనిపించింది.

పడవ తిరిగొచ్చింది. బావ దిగుతూనే నవ్వుతున్నాడు. చాలా నెలల తర్వాత చూసిన నవ్వు. సముద్రం నచ్చిందనుకున్నాను.

"ఏటైంది?" అన్నాను.

స్నేహితుడు పడవలోంచి అరిచాడు: "ఏటవుద్దొదినా! మీ ఆయన స్క్రీను ఒగ్గేసి వచ్చానన్నాడు. నాను ముందు ఇది తీశాను."

చేతిలో చిన్న పెట్టె ఎత్తి చూపించాడు. నీళ్ల లోతు, కింద చేపల గుంపు, పడవ ఉన్న చోటు, అన్నీ దాని స్క్రీను మీదే కనిపిస్తాయట. గాలి సంగతి ఫోనులో ముందే వస్తుందట.

"సముద్రం కూడా ఇందులోనే ఉందన్నా, ఎక్కడికి పోతావ్?" అన్నాడు మా బావతో. "మా నాన్న నీళ్ల రంగు సూసి సెప్పేవోడు. నాను దీన్ని సూసి సెప్తన్నాను. సేప మాత్రం అదే సేప."

ఇద్దరూ ఇసకలో కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నవ్వు ఆగాక బావ ఆ పెట్టె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో చేపల పులుసు తిని కొండ దిగాం. బండి మీద వెనక కూర్చున్నాను కాబట్టి అతని మొహం చూడలేకపోయాను. సింధియా కూడలి దాటాక, "సెలవు రద్దు సేసుకుంటాను" అన్నాడు గాలిలోకి.

చల్లటి గదిలో అతని పక్క కుర్చీలోకి ఆ మధ్యనే ఒక అమ్మాయి వచ్చింది. పాతబస్తీ పిల్ల. నాన్నకి మెయిన్ రోడ్డు వెనక సందులో టైలరు కొట్టు. డిప్లొమా చదివింది. వాళ్ల ఇంట్లో రేవు గేటు లోపలికి అడుగుపెట్టిన మొదటి మనిషి ఆమే. పనిలో చురుకు. గాజు గది ఎప్పుడూ ఎక్కలేదు, ఇక ఎక్కే అవకాశమూ లేదు. అందుకే బావని అడుగుతూ ఉండేదట.

"భయ్యా, పైన ఎలగుండేది? భయమేసేదా?"

బావ మొదట ఒకటి రెండు మాటలు చెప్పి ఊరుకునేవాడు. తర్వాత కొంచెం కొంచెం చెప్పడం మొదలుపెట్టాడు. వాన నడిచి రావడం. గద్ద. చలికాలం పొద్దున్న క్రేన్ల కాళ్లు మంచులో మునిగి, తలలు మాత్రం ఎండలో తేలడం. నాకు ఇన్నేళ్లలో చెప్పనివి ఆ పిల్లకి చెబుతున్నాడని తెలిసి కాస్త ఉక్రోషం కలిగిన మాట నిజం. కానీ అతను ఇంటికొచ్చి, ఆమెకి ఏం చెప్పాడో నాకు చెప్పేవాడు. అలా నాకూ అందింది.

ఒకసారి ఆమె, "మరి చప్పుడు భయ్యా? పైన ఏటినిపించేది?" అంది.

"అదొక్కటే సెప్పలేను" అన్నాడట బావ. "ఇనుము మూలిగేది. తాళ్లు పాడేవి. గాలి... గాలికి ఒక్కో పూట ఒక్కో గొంతు."

ఆమె మర్నాడు ఇంజనీరుని అడిగింది, క్రేను మీద కెమెరాల పక్కన మైకులు కూడా ఉన్నాయి కదా, అవెందుకు వినిపించడం లేదని. గదిలో గోలగా ఉంటుందని మొదట్లోనే ఆపేశారట. ఒక్కసారి పెట్టి చూడమని ఆమె వెంటపడింది. చివరికి ఆయన హెడ్‌ఫోనులోకి ఆ చప్పుడు వచ్చేలా చేశాడు. కావలసినవాళ్లు పెట్టుకోవచ్చు, లేకపోతే లేదు.

బావ పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాడు: "పెట్టుకోగానే గాలొచ్చింది. తూరుపు గాలి. నాను పిడి వదిలేసి కూకున్నాను. ఆ పిల్ల నా వంక సూసి, 'భయ్యా, బాగున్నావా?' అంది. బాగున్నాననలేకపోయాను." నేను పొయ్యి కట్టేశాను. చేతులు తడిగా ఉన్నా అలాగే వెళ్లి అతన్ని పట్టుకున్నాను.

ఆ రోజు నుంచి అతని పని మారింది. ఒళ్లు పక్కకి వాలడం తగ్గింది. చెవి ఇచ్చిన కబురు చేతికి అందేది కాబోలు, పెట్టెలు సాఫీగా దిగసాగాయి. కొత్తగా వచ్చేవాళ్లని అతని పక్కన కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. వాళ్లలో సగం మంది ఆడపిల్లలే. మెడ పట్టీ అలమరలోకి వెళ్లిపోయింది. ఇప్పుడు పిలిస్తే మెడ తిప్పి చూస్తాడు.

అందరి కథా ఇలా తేలలేదు. బావతో పాటు గాజు గదుల్లో పనిచేసినవాళ్లలో ఒకాయన ఇంకా పాత క్రేన్లున్న ఇంకో రేవు వెతుక్కుని, పెళ్లాం పిల్లల్ని ఇక్కడే వదిలి వెళ్లాడు. ఇంకొకాయన గాజువాకలో టిఫిన్ల బండి పెట్టాడు. మేము వెళ్తే ఇడ్లీకి డబ్బులు తీసుకోడు. రేవు సంగతి మాత్రం ఎత్తనివ్వడు. ఓడలు పెరిగాయి. పెట్టెలు పెరిగాయి. రేవు గేటు దగ్గర లారీల వరస పెరిగింది. మనుషులు తగ్గారు. రెండూ నిజమే, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని మరిపించడం నాకు చేతకాదు. నా ఆఫీసులోనూ ఇప్పుడు ఫోనులో మొదట మాట్లాడేది యంత్రమే. దానికి అర్థం కానివే మా దగ్గరికొస్తాయి. అవి తగ్గుతున్నాయి. ఏమవుతుందో తెలియదు. బావ మాత్రం, "సూద్దాం, కంగారేటి?" అంటాడు. నేను అతనికి చెప్పలేకపోయిన మాట అది. అతను చెబితే నమ్మబుద్ధవుతుంది.

మొన్న చలికాలంలో ఒక పొద్దున్న నాకు వీడియో ఫోను చేశాడు. పనివేళలో అతను ఎప్పుడూ చెయ్యడు.

"ఏటైంది బావా?"

"ఏటీ కాలేదు. మంచు పట్టేసింది. స్క్రీన్లన్నీ తెల్లగైపోనాయి. పని ఆపేశారు."

గదిలో వాళ్లంతా టీ గ్లాసులు పట్టుకుని మేడ మెట్ల మీదకొచ్చి నిలబడ్డారట. ఫోను తిప్పి చూపించాడు. తెలుపు తప్ప ఏమీ లేదు. ఆ తెలుపులో ఎవరిదో నారింజ రంగు కోటు ఒక క్షణం మెరిసి మాయమైంది. టైలరు గారి అమ్మాయి గొంతు వినిపించింది, ఎవరినో నవ్విస్తోంది.

"ఏటి కనిపిత్తంది?" అన్నాను.

"ఏటీ కనిపించట్లేదు" అన్నాడు. చాలా హాయిగా ఉంది ఆ గొంతు.

అంతలో ఎక్కడో మంచు లోపల్నుంచి, సముద్రం వైపు నుంచి, ఓడ కూత వచ్చింది. లోతుగా, పొడుగ్గా, ఆగకుండా. నా చేతిలో ఫోను వణికింది. అక్కడ నవ్వులు ఆగిపోయాయి. అందరూ వింటున్నారని తెలుస్తోంది.

"ఓడొత్తంది" అన్నాడు బావ. "ఏ ఓడో తెలీదు. వత్తంది."

నేను ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. మధురవాడ మీద ఎండ పడుతోంది. ఫోను చెవికి ఆనించుకుని, ఆ కూత అయిపోయేదాకా అలాగే నిలబడ్డాను.